చక్రాల ఇల్లు... అరచేయంత మిగిలిన పని

మా చిన్నప్పుడు ఆదివారం మాకు తలంటు... శనివారం చక్రాల ఇంటికి తలంటు.

నిజంగానే ఇల్లు, నిజంగానే చక్రాలు. గగన్‌పహాడ్ దాటాక హైవే పక్కన మేముండేవాళ్లం. ఇంటి వెనకే రేకుల షెడ్డు. బాపు లారీలకు బాడీలు కట్టే మేస్త్రీ. పట్నం నుంచి ఒక డాక్టరుగారు, ఎక్కడో కొన్న పాత ట్రైలరును జీపు వెనక కట్టి తెచ్చి, బాగు చేయమని బాపుకు అప్పగించారు. సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఊళ్లు తిరగాలని ఆయన సరదా. లోపల రెండు పడకలు, మడతబల్ల, కిటికీలకు పరదాలు, మూలన బుల్లి వంటగట్టు...

మొదటిరోజు చూద్దామని లోపలికెక్కిన అమ్మ చాలాసేపు బయటికి రాలేదు. "గిట్లాంటి ఇంట్ల ఒక్క పూట చాయ్ పెట్టుకున్నా చాలు" అంది.

ఆ మాట డాక్టరుగారి చెవిన పడింది. "పని పూర్తి కానివ్వమ్మా. మిమ్మల్నందరినీ ఇందులోనే హిమాయత్‌సాగర్ కట్ట దాకా తీసుకెళ్తాను" అన్నారు.

ఇక చెల్లెకూ నాకూ వేరే లోకం లేదు...

బాపు రేకులు మార్చి మీగడరంగు వేశాడు. రంగు గట్టిపడేదాకా, అంటే నెలరోజులు, పాలిష్ పెట్టొద్దన్నాడు. హైవే దుమ్ము మాత్రం ఆగదు కదా. అందుకే ఆ శనివారం స్నానాలు.

"సబ్బు పౌడరు ముట్టకుండ్రి. రంగును తింటది" అని ముందే చెప్పాడు. అమ్మ గంపెడు కుంకుళ్లు కొట్టి గంగాళంలో నానబెట్టింది.

"నా నెత్తికి లేని కుంకుళ్లు నీ బండికా? పెండ్లినాడు గూడ నన్ను గింత ముద్దుగ చూడలే!"

"నువ్వు వానల తడిస్తె తుప్పు వడ్తవా ఏంది?" అనేవాడు బాపు, నిచ్చెన మీదినుంచి.

ముందు పైకప్పు, తర్వాత గోడలు, చివరికి చక్రాలు. కింద వాడిన గుడ్డ పైకి పోకూడదు... ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా గీత పడుతుంది. గుడ్డలు కలిసిపోకుండా విడివిడిగా ఆరేయడం నా పని. కుంకుడు నురగ కళ్లలో పడిందని ఏడవడం చెల్లె పని.

నెల గడిచింది. తెచ్చిన పాలిష్ డబ్బా సగం బండికే అయిపోయింది. క్రిస్మస్ తర్వాత చర్చి నుంచి తెచ్చి దాచిన కొవ్వొత్తి ముక్కలన్నీ అమ్మ కరిగించింది. గిన్నెను పొయ్యికి దూరంగా తీసుకుపోయి బాపు అందులో పాలిష్‌లా మెత్తబడేందుకు టర్పెంటైన్ కలిపాడు. ఎండలో రాస్తే మైనం పట్టేసి ఊడిరాదని షెడ్డు నీడలోనే రాశాం. కొంచెం రాయడం, ఆరనివ్వడం, పాత ధోవతి గుడ్డతో గుండ్రంగా రుద్దడం... చేతులు పీకేవి. బండంతా చర్చి వాసన.

వెనక గోడ నాది. రేకులను బిగించిన రివిట్ల వరసలు దాన్ని గడులుగా విడదీసేవి. నోట్‌బుక్కు చివరి పేజీలో అవే గడులు గీసుకుని, పూర్తయినదానికల్లా టిక్కు పెట్టేదాన్ని. రుద్దగా రుద్దగా ఆ గోడలో నా మొహం, నా వెనక అమ్మ, చెల్లె, దండెం మీది బట్టలు... అన్నీ కనిపించాయి.

ఇంకొక్క గడి ఉందనగా కబురు వచ్చింది. మర్నాడే డాక్టరుగారు బండి తీసుకుపోతారట. అటునుంచి అటే బంధువులతో ప్రయాణమట. హిమాయత్‌సాగర్ ఊసే లేదు.

షెడ్డులో బాపు ఎప్పుడూ అనే మాట అప్పుడు గుర్తొచ్చింది... "పని మిగిలిన బండి ఎంత దూరం వోయినా వాపస్ రావల్సిందే."

ఆ చివరి గడిలో, ఎర్ర లైటు పక్కన, నా అరచేయంత చోటు రుద్దకుండా వదిలేశాను. టిక్కు కూడా పెట్టలేదు.

పొద్దున్నే డాక్టరుగారు వచ్చి బండి చుట్టూ తిరిగారు. "అద్దంలా చేశావయ్యా మేస్త్రీ!" అంటూ వెనక గోడ వైపు వస్తున్నారు. ఎప్పుడు చూశాడో ఏమో, బాపు ఒక్క అడుగు వేసి, సరిగ్గా ఆ చోట అరచేయి ఆనించి నిలబడ్డాడు. పాలిష్ మీద మా వేలు తగిలితేనే కసిరే మనిషి!

"ఏమైనా మిగిలిందా?" అని అడిగారు డాక్టరుగారు.

"ఏం లేదు సారూ... పోతుంది గద, జర చెయ్యేసి చూస్తున్న."

అప్పుడు అమ్మ కనిపించి ఆయన నాలుక కరుచుకున్నారు. "ఏమీ అనుకోకమ్మా... తిరిగొచ్చాక తప్పకుండా."

"అయ్యో, దానికేముంది సారూ" అంది అమ్మ. చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోతూ ఒకసారి వెనక్కి చూసింది.

బండి కదిలేసరికి అమ్మా బయటికొచ్చింది. ఆ వెనక గోడలో మేం నలుగురం... చిన్నగా, ఇంకా చిన్నగా... శంషాబాద్ వైపు దుమ్ములో కలిసిపోయేదాకా.

బాపు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "ఎన్ని టిక్కులు తక్కువ, బిడ్డా?"

"ఒక్కటి, బాపూ."

"ఇగ ఊకో. వస్తది తియ్యి."

రాలేదు. జీపు చప్పుడైతే చాలు, గేటు దాకా పరుగెత్తిన రోజులవి... తర్వాత రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది, ఇల్లూ పోయింది. ఇప్పుడు ఆ చోటు మీదుగానే ఎయిర్‌పోర్టు కార్లు ఆగకుండా పరుగెడుతుంటాయి. మొన్న అటు వెళ్తుంటే తళతళలాడే అద్దె కారవాన్ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. "ఒకటి బుక్ చేద్దామా అమ్మా, ఎక్కడికి పోదాం?" అన్నారు మా పిల్లలు. ఈ పక్కనున్న హిమాయత్‌సాగర్ దాకా చాలన్నాను. పడీపడీ నవ్వారు.

బాపు పోయి నాలుగేళ్లు. ఆయన పనిముట్ల పెట్టె నా దగ్గరుంది. ఏటా క్రిస్మస్ అయ్యాక దాన్ని నీడలో పెట్టుకుని, కొవ్వొత్తి మైనంతో మెరుగు పెడతాను. మూత మీద ఒక మూల అరచేయంత చోటు మాత్రం ఎప్పుడూ వదిలేస్తాను.

పని మిగిలితే వాపస్ రావల్సిందేనని ఆయనే అన్నాడు కదా...

మీ ఇళ్లలోనూ ఎవరికోసమో ఇలా మిగిల్చి ఉంచిన పని ఉందా? ఉంటే రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది.