బీడీల ఇంట్లో బాపు కాలు

మా బాపు కాలికి జబ్బు చేస్తే వైద్యం మొదట సాంచాకు జరిగింది. మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచా అంటారు. బాపు మీసాలు రాకముందు నుంచీ వాటి మధ్యే బతికాడు. చెప్పులు బయట విడిచి, వట్టి కాళ్లతో గచ్చు మీద నిలబడి నడిపేవాడు. కార్ఖానాలో మోతకు ఏ సాంచా చప్పుడు ఏదో తెలియదు. అందుకని అది బాగా నడుస్తోందా లేదా అన్నది ఆయన అరికాలితో పసిగట్టేవాడు. దెబ్బ సరిగ్గా పడుతుంటే నేల ఒక తీరుగా అదురుతుందట. ఒకరోజు ఆ అదురు ఆయన ఎడమ కాలికి అందలేదు. సాంచా ఎక్కడో వదులైందనుకుని మేస్త్రీని పిలిపించి బోల్టులన్నీ బిగించమన్నాడు. మేస్త్రీ బిగించాడు. అయినా అదురు లేదని బాపు, అంతా బాగానే ఉందని మేస్త్రీ, ఇద్దరూ కాసేపు తగువు పెట్టుకున్నారు. చివరికి మేస్త్రీ విసుక్కుని, "గా కాలు తీసి గీ కాలు పెట్టి సూడు" అన్నాడు. కుడి కాలు పెడితే అదురు చక్కగా తెలిసింది. అప్పుడు వంగి చూసుకుంటే ఎడమ కాలి చివరి రెండు వేళ్లు నీలంగా ఉన్నాయి.

ఆ ముచ్చట ఇంటికొచ్చి చెప్తే అవ్వ, అంటే మా అమ్మ, పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కాలు ముట్టుకుని చూసింది. కాలు కుండలో నీళ్లలాగా చల్లగా ఉంది. ఇక నవ్వలేదు.

మా అవ్వ బీడీలు చుడుతుంది. మా వైపు ఆడవాళ్లు చాలామంది చేసే పని అదే. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు. నేను పదో తరగతి దాకా చదువుకున్నది ఆ చాట పుణ్యమే. అవ్వ చేతి బీడీకి వంకర ఉండదు, కొసలు విడిపోవు. అయినా అప్పుడప్పుడు కొన్ని పనికిరావని బీడీ కార్ఖానావాళ్లు పక్కన పెడితే అవి ఇంటికొచ్చేవి. అవి బాపు వాటా. దుకాణంలో బీడీ కట్ట కొనాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు. "మా ఇంటిదాని చేతి బీడీ తాగినోడు ఇంకొగలది ముట్టడు" అని తోటి పనివాళ్ల దగ్గర గొప్పలు పోయేవాడు. అవ్వ ముసిముసిగా నవ్వుకునేది. అప్పట్లో మాకు అదొక ముచ్చట, అంతే.

సిరిసిల్ల దవాఖానలో చూపిస్తే, కాలికి నెత్తురు దిగడం లేదు, వేళ్లు నల్లబడి పుండు పైకి పాకితే మోకాలి కింద తీసేయాల్సి వస్తుందన్నారు. బాపు ఆ మాట పూర్తిగా వినకుండానే మంచం దిగాడు. "సాంచాల నడిమిట్ల సందు ఎంతుంటదో ఎరుకేనా వీళ్లకు? ఒంటికాలుతోని ఎట్ల తిరుగుత? నడువుండ్రి ఇంటికి" అన్నాడు. ఆయనకు కాలంటే పని. పని లేని రోజున తనను ఎవరూ లెక్కచేయరని ఆయన భయం. అది భయమని మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

అక్కడి నుంచి మొదలైంది మా తిరుగుడు. కోయకుండా నెత్తురు నడిపించేవాళ్లు ఎక్కడున్నారంటే అక్కడికి పోయాం. పక్క వాడలో ఒకామె ఆకు పసరు కట్టింది. మంట పుట్టి బాపు ఆమెను తిట్టిన తిట్లకు మళ్లీ ఆ వాడ దారి పట్టలేకపోయాం. ఇలా కాదని నేను ఆయన్ని కోరుట్లకు, మా అత్తగారింటికి తెచ్చుకున్నాను. అల్లుడింట్లో మంచం ఎక్కడమంటే ఆయనకు ప్రాణం పోయినట్టే. "బిడ్డ ఇంట్ల కూసోని తినుడు నాకు శాతగాదు" అంటాడు. "నువ్వు కూసోకు, పండుకో" అన్నాను. నా నోటికి ఆయనే గురువు మరి.

మా ఆయన దుబాయిలో ఉంటాడు. అక్కడి నుంచి ఊరికొస్తున్న వాళ్ల చేత ఒక మిషన్ పంపించాడు. దాని మీద కాళ్లు పెట్టి స్విచ్ వేస్తే గడగడా ఊగుతుంది, నెత్తురు ఉరుకుతుందని అమ్మినవాడు చెప్పాడట. బాపు రోజూ బుద్ధిగా దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. ఎట్లుందని అడిగితే, "నెత్తురు సంగతి తెల్వదు గని, డ్యూటీల ఉన్నట్టే ఉన్నది" అన్నాడు. వేళ్లు మాత్రం నల్లబడుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత ఎవరో చెప్తే మల్లాపూర్ వైపు ఒక ఊళ్లో జలగలు పట్టించే పెద్దమనిషి దగ్గరికి ఆటో మాట్లాడుకుని పోయాం. సిరిసిల్ల నుంచి అవ్వ కూడా వచ్చింది. కాలు తానే కడిగి, తన చీర కొంగుతో తుడిచి ముందుకు పెట్టింది. జలగ కాలి మీద అటూ ఇటూ పాకి పక్కకు జారిపోయింది. ఇంకోటి వేస్తే అదీ అంతే. జలగలాయన వాసన చూసి, "కాలు ఎవరు కడిగిండ్రు?" అని అడిగాడు. "నేనే" అంది అవ్వ. "బీడీలు చుడుతవా? తంబాకు చేతులకు జలగ పట్టదు. నువ్వు జర ఎడంగా కూసో, తల్లీ." అవ్వ చేతులు వెనక్కి తీసుకుంది. నేను సబ్బుతో మళ్లీ కడిగాను. అయినా పట్టలేదు. ఆయన జలగల్ని సీసాలో వేసి మూత పెట్టేశాడు. "గీ కాలు శీతలం పట్టింది. నాతోని కాదు, పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. ఆలస్యం జెయ్యకుండ్రి" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా జగిత్యాల పోయాం. అక్కడ చూసింది ఒక చిన్నవయసు డాక్టరమ్మ. పాదం మీద ఏదో పెట్టి విన్నది, స్కానింగ్ తీయించింది, గోళ్లు చూసింది. తర్వాత ఆమె అడిగిన మొదటి మాట, "బీడీ తాగుతారా?"

"తాగుత. ఎవలు తాగరు?" అన్నాడు బాపు.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. ఈ జబ్బు పొగ తాగేవాళ్లకు వస్తుందట. పాదంలో సన్న నాళాలు వాచి మూసుకుపోయాయి. మూసుకున్న నాళాన్ని తెరిచే బెలూన్ అంత సన్నవాటిలోకి పోదు. మందులిస్తాను, పుండు శుభ్రం చేస్తాను, కానీ బీడీ తాగితే అవేవీ పనిచేయవు. ఒకటి రెండు తాగుతానంటే కూడా కుదరదు, అసలుకే మానాలి. "ఈ రెండు వేళ్లు దక్కుతయని నేను చెప్పలేను. మీరు మానితే కాలు దక్కే ఆశ ఉంది. మానకపోతే మాత్రం కోసుడే, అటెన్క రెండో కాలు కూడా" అంది.

బయటికి రాగానే బాపు నా మీద విరుచుకుపడ్డాడు. "గింత దూరం తీస్కచ్చింది బీడీ మానుమని చెప్పిచ్చెటందుకా? గా ముచ్చట మా వాడల పోరగాండ్లు చెప్తరు." నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు మండింది. ఇంత తిరిగితే ఒక ఇంజక్షనో, ఒక మిషనో చూపిస్తారనుకున్నాను. మానడం కూడా ఒక వైద్యమేనా అనిపించింది. అవ్వ మాత్రం బస్సులో సిరిసిల్ల చేరేదాకా తన చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది.

ఇల్లు చేరాక ఆమె చేసిన మొదటి పని, బాపు వాటా బీడీలన్నీ ఏరి పొయ్యిలో వేయడం. రెండో పని, చాట, తంబాకు సంచి పట్టుకుని పక్కింటి అరుగు మీదికి పోవడం. చుట్టడం ఆపితే ఇల్లు గడవదు. ఇంట్లో చుడితే వాసన. అందుకని ఆనాటి నుంచి ఎండైనా వానైనా ఆ అరుగే. ఇంట్లోకి వచ్చేముందు చేతులు సున్నిపిండితో తోముకుని వచ్చేది.

ఇక బాపు సంగతి. మా వాడలో పుట్టినోడికి బీడీ మానడం అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పలకరించడానికి వచ్చినవాడు ముందు బీడీ చాపుతాడు. వద్దంటే నువ్వంటే గిట్టదన్నట్టు. ఇటు ఇంట్లో చూస్తే గోడకున్న సున్నం కూడా తంబాకు వాసనే. అలాంటి చోట మా బాపు మానాడు. మంచిగా మానాడని చెప్పను. కంచం విసిరాడు. మమ్మల్ని తిట్టాడు. డాక్టరమ్మను, జలగల్ని, దుబాయి మిషన్‌ను, ఎవరినీ వదల్లేదు. బీడీ చాపిన దోస్తుతో "ఇంకొగసారి చాపితే మా ఇంటికి రాకు" అన్నాడు. ఆ మనిషి కొన్నాళ్లు నిజంగానే రాలేదు. ఈలోగా జగిత్యాలలో ఆ రెండు వేళ్లు తీసేశారు. కట్టు విప్పినప్పుడు బాపు తేరిపార చూసుకుని, "ఉన్నయాటితోని నడుస్త" అన్నాడు. ఆ మాటకు నేను బయటికి పోయి ఏడ్చాను.

ఒకరోజు చెప్పకుండా సిరిసిల్ల వచ్చాను. తలుపు తోసేసరికి బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఒళ్లో చాట. "సిగ్గు లేదా బాపు?" అని అరిచాను. ఆయన తల ఎత్తకుండా కత్తెర చూపించాడు. చాటలో తంబాకు రవ్వ కూడా లేదు, వట్టి తునికాకు. రేకు ముక్క కొలత పెట్టి ఆకు కత్తిరిస్తున్నాడు. "కాలు మానేదాంక సాంచా లేకపాయె. మీ అవ్వ ఒక్కతే ఎంతని చేస్తది? డాక్టరమ్మను అడిగిన, తంబాకు ముట్టకుంటే ఆకు కత్తిరియ్యొచ్చన్నది. నువ్వేందే గట్ల ఒర్రుతవు?" అన్నాడు. మా వాడలో మగవాళ్లు ఆ పని చేయరు. కిటికీలోంచి చూసినోళ్లు ఎకసెక్కాలాడారు. ఆయన కత్తెర ఆపలేదు. అంతటి మొండి మనిషికి బిడ్డను కదా అని ఆ రోజు నాకు గర్వమనిపించింది.

పుండు మానింది. పాదానికి వెచ్చదనం వచ్చింది. డాక్టరమ్మ ఆయన్ని తన ఎదుట కూర్చోబెట్టుకుని, అదే జబ్బుతో వచ్చిన ఇంకొకాయనను లోపలికి పిలిచి, "ఈయనను చూడండి" అంది. బాపు పంచె కొంచెం పైకి లాగి, పెళ్లికొడుకులాగా కాలు చాపి చూపించాడు. ఇప్పుడు బూటు వేసుకుని మళ్లీ పనికి పోతున్నాడు.

ఎల్లంతకుంట నుంచి, ఎక్కడెక్కడి నుంచో మనుషులొస్తారు, ఏ మందు వాడినవని అడుగుతారు. బీడీ మానిన అంటే నమ్మరు. అసలు మందు దాచిపెడుతున్నాడని గొణుక్కుంటూ పోతారు. మొన్న అలాంటి ఒకాయన పోయాక నేనే అడిగాను, "నిజంగ ఎట్ల మానినవ్ బాపు? కాలు పోతదని అంత భయమైందా?"

బాపు వాకిట్లోకి చూశాడు. పక్కింటి అరుగు మీద అవ్వ వంగి బీడీలు చుడుతోంది.

"కాలు పోతే కట్టెకాలు పెట్టుకోని తిరిగెటోన్ని. కొయ్యుండ్రి అని ఒకనాడు అనుకున్న గూడ. గని ఆనాడు జలగలాయన ఎడంగా కూసొమ్మంటే, మీ అవ్వ చేతులు ఎట్ల దాసుకున్నదో సూసినవా? నా కాలు పోతే దాని చేతులకు చెడ్డపేరు అస్తుండె. దాని బీడీలే కాలు తిన్నయని ఊరంత అందురు. అది ఆ చేతులతోనే మనను సాదింది. అందుకు మానిన."

మళ్లీ నా వైపు తిరిగి, "గీ ముచ్చట మీ అవ్వకు చెప్పకు. నెత్తికెక్కి కూసుంటది" అన్నాడు.

నేను లేచి చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటి అరుగు మీదికి పోయి చెప్పేశాను.