ఎదుటి పార్టీ ఇంటి స్పాంజి ముక్క

మా నాయన చేపలు పెంచుతున్నాడంటే మా ఊర్లో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లె మాది. అక్కడ ఆయన అరుగు మీది నుంచి లేస్తే వెనకాల పదిమంది లేచేవాళ్లు. మా పెదనాయనను ఎదుటి పార్టీ వాళ్లు చంపారు. తర్వాత వాళ్ల వైపూ ఒకరు పోయారు. పార్టీ అంటే మా దగ్గర జెండా కాదు. జెండాలు ఎన్నికలకొకటి మారేవి, పార్టీలు మాత్రం ఊర్లోని ఆ రెండిళ్లే. కేసులు అటూ ఇటూ నడుస్తుండగా పెద్దమనుషులు మా నాయనకు నచ్చజెప్పి ప్రొద్దుటూరుకు పంపించారు. ఊర్లోనే ఉంటే ఆయన చంపడమో, ఆయనను చంపడమో ఖాయమని అందరికీ తెలుసు.

ప్రొద్దుటూరులో మాది అద్దె ఇల్లు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నేను, నాయన, ఆయన తల్లి మా జేజి. నాయన వీధిలోకి పోకూడదు, వసారాలో కూర్చోకూడదు, రోడ్డు వైపు కిటికీ తెరవకూడదు. పగలంతా అన్నిటికీ సరేననేవాడు. సాయంత్రమయ్యేసరికి తెల్లచొక్కా వేసుకుని, "ఊరికి పోతాండా" అని బయల్దేరేవాడు. జేజి గడపకు అడ్డంగా కూర్చునేది. "నన్ను దాటుకోని పో" అనేది. తల్లిని దాటి ఎక్కడికి పోతాడు? చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించేవాడు. ఈ భాగోతం రోజూ జరిగేది.

అది చూడలేక నేనొక చిన్న అద్దాల తొట్టి, నాలుగు బంగారు చేపలు తెచ్చాను. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక భాయ్ అప్పుడే ప్రొద్దుటూరులో పెంపుడు చేపల అంగడి పెట్టాడు. ఎటూ తెరవని కిటికీ కదా అని తొట్టిని దానికి అడ్డంగా పెట్టించాను. "తినేదానికి పనికిరావు, ఏంటికివి?" అన్నాడు నాయన. వారం తిరక్కుండానే కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. తోక చిరిగిన ముసలి చేప ఒకటుండేది. అది గాజు దగ్గరికొచ్చి నోరు తెరిస్తే, "యో, ఇది నన్ను గుర్తుపడతాంది" అని మురిసిపోయేవాడు. సాయంత్రం చొక్కా తొడగడం మానేశాడు. ఆ చేపలు ఉన్నంతకాలం నాయన ఇంట్లో ఉంటాడని నేను, జేజి పైకి అనకుండానే అనుకున్నాం.

ఆ ఎండాకాలం ఊర్లో మా దాయాదుల పెద్దాయన జబ్బుచేసి పోయాడు. నాయన పోవడానికి లేదు, జేజి పోయి వచ్చింది. మైల తీరే రోజున ఇంట్లో నిలవున్న నీళ్లన్నీ పారబోసి, సామాను తోమి, ఇల్లు కడుక్కోవడం మా ఆచారం. నేను పరీక్షల డ్యూటీలో ఉన్నాను. జేజి కుండలో నీళ్లు పారబోసింది, బిందెలు పారబోసింది, ఆ చేత్తోనే తొట్టి నీళ్లూ పారబోసింది. నిలవ నీళ్లంటే నిలవ నీళ్లే గదా! చేపలను ఇత్తడి బేసిన్లో వేసి, తొట్టిని చింతపండుతో తోమి, అడుగు గులకరాళ్లను వేడినీళ్లలో కడిగి, ఫిల్టర్ స్పాంజిని సబ్బు పొడితో ఉతికి మిద్దె మీద ఆరేసింది. మా కడప జిల్లా ఎండకు అది అప్పడమై దిగింది. నేను సాయంత్రం వచ్చేసరికి బోరు నీళ్లతో తొట్టి తళతళలాడుతోంది. చేపలు ఇంత ఎర్రగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నాయన కూడా జేజిని మెచ్చుకున్నాడు.

రెండు మూడు రోజుల్లో చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. మేత వేస్తే ముట్టలేదు. జేజి దిష్టి అంది. తొట్టి చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు మేము ముగ్గురం దగ్గాం, చేపలకు మాత్రం ఏ గుణమూ కనబడలేదు. మర్నాటికి ఒకటి వెల్లకిలా తేలింది. నాయన దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం లేచి తెల్లచొక్కా వేసుకున్నాడు. జేజి మళ్లీ గడపకు అడ్డంగా కూర్చుంది.

కాలేజీ ల్యాబ్ నుంచి అమోనియాను పట్టించే ద్రావణం తెచ్చి, పరీక్షనాళికలో తొట్టి నీళ్లు పోసి చుక్కలు వేశాను. అమోనియా ఉంటే నీళ్లు పసుపెక్కాలి, ఎక్కువయ్యేకొద్దీ రంగు ముదరాలి. మా తొట్టి నీళ్లు చిక్కటి టీ డికాషన్ రంగుకు తిరిగాయి. అప్పుడు అర్థమైంది. చేపల మలమూత్రాల్లోంచి అమోనియా పుడుతుంది. స్పాంజిలోనూ గులకరాళ్లలోనూ కాపురమున్న కంటికి కనబడని జీవులు దాన్ని తినేస్తుంటాయి. మా జేజి మైల కడిగే ఊపులో వాటన్నిటికీ దినాలు పెట్టేసింది. దానికి తోడు బక్కెట్లకు తెల్లగా పొర కట్టే మా బోరు నీళ్లు. అలాంటి నీళ్లలో అమోనియా విషం ఇంకా ఎక్కువ.

"అంటే నేనే సంపినానా?" అంది జేజి.

"నువ్వు కాదులే, సబ్బు" అన్నాను. ఆమె మొహం చూస్తే అంతకంటే అనబుద్ధి కాలేదు.

మేత ఆపేశాం. కుళాయి నీళ్లు క్లోరిన్ ఎగిరిపోయేదాకా వెడల్పు బేసిన్లలో పట్టి ఉంచి, పూటపూటా తొట్టిలో కొంత తీసి కొంత పోశాం. తాగే నీళ్లకు వీధంతా బిందెలతో కొట్టుకుంటున్న కాలం. చేపలకు మంచినీళ్లు పోసే ఇల్లని పక్కింటివాళ్లు మూతులు తిప్పుకున్నారు. నీళ్లు మార్చిన పూట రంగు కాస్త తగ్గేది, మళ్లీ ఎక్కేది. జీవులు తిరిగి పుట్టేదాకా ముసలి చేప ఆగేటట్టు లేదు. ఎక్కడైనా బాగా వాడిన పాత స్పాంజి దొరికితే చాలు, వాటి విత్తనం మనకొచ్చినట్టే.

దానికోసం అంగడికి పోదామనుకున్న రోజే పులివెందులలో ఏదో గొడవ జరిగిందని జిల్లా బంద్. అంగళ్లు మూతబడ్డాయి. చేపల భాయ్ అత్తగారింటికి పోయి అదే పులివెందులలో ఇరుక్కున్నాడు. ఎదురింటి ఫోన్ నుంచి పట్టుకున్నాను.

"నా తొట్లన్నీ కొత్తయి మేడం. ఊర్లో పాత తొట్టి ఉండేది ఒక్కరింట్లోనే. చెప్తే మీరేమనుకుంటారో..." అని నసిగాడు.

ఆ నసుగుడుతోనే ఎవరిల్లో తెలిసిపోయింది. ఎదుటి పార్టీ ఆయన కూడా మాలాగే ప్రొద్దుటూరు చేరి, నాలుగు వీధుల అవతల ఉంటున్నాడు. మా పెదనాయన కేసులో మొదటి ముద్దాయి.

నాయనకు చెప్పాను. ఆయన పైకి తేలి నోరు తెరుస్తున్న ముసలి చేపను చూశాడు. "పోయిరా పాపా. ఆడ నీళ్లు మాత్రం ముట్టద్దు" అన్నాడు. పగ ఉన్న ఇంట్లో నీళ్లు తాగకపోవడం మా వైపు ఎంత పాతదంటే, ఎందుకని ఎవరూ అడగరు. జేజికి నేను చెప్పలేదు. ఆడవాళ్ల జోలికి రారనే కట్టుబాటును నమ్ముకుని నడిచాను. ఆటోలు లేవు. నెత్తి మాడిపోయింది.

తలుపు సందులోంచి ఆయన భార్య చూసింది. ఎవరి కూతుర్నో చెప్పాను, వచ్చిన పని చెప్పాను. ఆమె లోపలికి తిరిగి ఏదో అడిగి వచ్చి గడియ తీసింది. లోపల నేను మొదట చూసింది మూసిన కిటికీ. దానికి అడ్డంగా చేపల తొట్టి, దాని ముందు కుర్చీ, కుర్చీలో ఆయన. చిన్నప్పటి నుంచి ఆ మనిషిని తిట్టుకుంటూ పెరిగినదాన్ని. ఇంత నెరిసిపోయి ఉంటాడనుకోలేదు.

"కూర్చో పాపా. ఏమయింది చేపలకు?"

చెప్పాను. జేజి స్పాంజిని ఉతికి ఆరేసిందనగానే ఆయన తల కొట్టుకున్నాడు. "మీ జేజి మారలేదు. చిన్నప్పుడు మీ నాయనవీ నావీ మోకాళ్లు గూడా పీచుతో తోమేది" అన్నాడు. ఆయన చేయి తొట్టిలో పెట్టి బురదరంగు స్పాంజిని తీసి, కూరగాయల కత్తితో సగానికి కోశాడు. తన తొట్టి నీళ్లే స్టీలు డబ్బాలో పోసి, అందులో ఆ ముక్క వేసి మూత పెట్టాడు. "తడి ఆరనీయద్దు. పొయినాంక నేరుగా తొట్లో ఎయ్యి" అన్నాడు. తర్వాత అడిగాడు, "మీ నాయన బయటికి పోతాండాడా?"

"లేదు మామా."

నోటి నుంచి మామా అని ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన తల ఊపి మళ్లీ చేపల వైపు తిరిగాడు.

లేచేసరికి ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఎండనబడి వచ్చినావు తల్లీ" అంది. గొంతు ఎండిపోయి ఉంది. తాగాను.

ఆ మురికి ముక్క మా తొట్టిలో పడ్డాక కూడా కొన్నాళ్లు నీళ్లు మార్చాల్సి వచ్చింది. నాయన రోజూ పరీక్షనాళికను వెలుతురుకు పెట్టి తనే చూసేవాడు. డికాషన్ రంగు పసుపయింది, ఆ పసుపూ పలచబడింది. ఒక పొద్దున ముసలి చేప కిందికి దిగి గులకరాళ్లు కెలుకుతుంటే నాయన నన్ను కేకేసి పిలిచాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం తెల్లచొక్కాను జేజి ఉతికి మడిచి పెట్టెలో పెట్టింది.

డబ్బా మిగిలింది. గిన్నెలన్నీ తోముతూ జేజి దాన్ని పట్టుకుని, "ఎవురిదే ఇది? మనది గాదే" అంది. ఇంక దాచలేక చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి. పెదనాయన ఆమె పెద్ద కొడుకు. కుళాయి కారుతూనే ఉంది, నేను పోయి కట్టేశాను.

"ఆ ఇంట్లో నీళ్లిచ్చినారా?"

"ఇచ్చినారు."

"తాగినావా?"

"తాగినా జేజీ."

జేజి కుళాయి మళ్లీ తిప్పింది. డబ్బా కడిగి మిగతా గిన్నెల్లో కలపకుండా గూట్లో విడిగా బోర్లించింది. చాలా రోజులు అది అక్కడే ఉంది. నేనూ ఆ ఊసెత్తలేదు, తిరిగిచ్చి వస్తాననీ అనలేదు.

ఒక పండగ పూట జేజి పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చింది. నాయన తొట్టి ముందు కూర్చుని తింటున్నాడు. జేజి గూట్లోని డబ్బా తీసి, పైటకొంగుతో తుడిచి, అందులో ఓళిగలు పేర్చి నా ముందు పెట్టింది.

"ఇచ్చిరా పో. ఒట్టి డబ్బా పంపిచ్చే అలవాటు మనింట్లో లేదు" అంది. గొంతు గట్టిగానే ఉంది, మొహం మాత్రం గోడ వైపుకు తిప్పుకుంది.

నాయన లేచి వచ్చాడు. డబ్బాను చూసి ఎవరిదో పోల్చుకున్నాడు. మూత తీశాడు.

"ఇంగో రెండు పెట్టుమా" అన్నాడు జేజితో. "వానికి ఓళిగలంటే శానా ఇష్టం. జమ్మలమడుగు హాస్టలుకు నువ్వు పంపిస్తే నా వంతు గూడా వాడే తినేవాడు."

జేజి ఇంకో రెండు పెట్టి, మూత పట్టకపోతే చేత్తో అదిమి నొక్కింది.