వసారాలో తల్లీబిడ్డలు

మిరపకోతలకు కూలీలను తీసుకుపోతున్న ఆటో పెద్దారవీడు దాటాక బోల్తా పడింది. మిగతావాళ్లు చిన్న దెబ్బలతో బయటపడ్డారు గానీ, మా పక్క వీధిలో ఉండే ఆమెకు తుంటి ఎముక విరిగింది. పలకల గనిలో పనిచేసిన భర్త ఊపిరితిత్తులు పాడై అంతకు ముందే చనిపోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, రెండో తరగతి చదువుతోంది. ఒంగోలులో ఆపరేషన్ చేయించాక ఆమెను కొమరోలులో ఉన్న తల్లి దగ్గరికి చేర్చారు. ఆ ముసలామెకు కూతురిని చూసుకోవడమే తలకు మించిన పని, ఇక మనవరాలిని ఏం చూస్తుంది?

పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి ఆడవాళ్లందరినీ అంగన్‌వాడీలో కూర్చోబెట్టింది.

"పాపను హోమ్‌లో చేర్చొచ్చు. కానీ తల్లి కోలుకునేదాకా ఊళ్లోనే ఎవరైనా పెట్టుకుంటే ఇంకా మంచిది. బడి మారదు, మనుషులు మారరు. మేమూ వచ్చి చూసిపోతుంటాం" అంది.

 పాప గుమ్మంలో నిలబడి మా మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక "నేను పెట్టుకుంటా" అన్నాను. అన్నాక ఇల్లు గుర్తొచ్చింది. మాది గొర్రెలు మేపుకునే ఇల్లు, వాళ్లు చర్చికి పోయేవాళ్లు. మా అత్త ఏమంటుందో! నేను నోరు తెరిచాక మిగతావాళ్లకూ మాటలు వచ్చాయి. ఒకామె జడలు నేనేస్తానంది. ఇంకొకామె ఆదివారం చర్చికి తీసుకుపోతానంది. గుమ్మం బయట నిలబడ్డ మా మరిది, ఆటో నడుపుతాడు, "గిద్దలూరు కిరాయి తగిలినప్పుడు కొమరోలు దాకా పోయి తల్లిని చూపిచ్చుకొస్తాలే వదినా" అన్నాడు.

"ఏందే ఇది? నన్నొక మాట అడగొద్దా?" అంది ఇంటికి పోగానే మా అత్త. ఆ పూట భోజనాల దగ్గర పాప కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అత్త నోటి దాకా తెచ్చిన ముద్దను మళ్లీ కంచంలో పెట్టి, పాప ఆమెన్ అనేదాకా ఆగింది. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు.

పాప మా ఇంట్లో నిలిచేది కాదు. బడి వదలగానే తాళం వేసిన వాళ్లింటికి పోయి, వాకిలి ఊడ్చి, మెట్టు మీద కూర్చునేది. నేను గొర్రెపిల్లల పని సగంలో వదిలేసి పరిగెత్తేదాన్ని.

"ఇంటికి పోదాం రా."

"అమ్మొస్తే తలుపు ఎవరు తీస్తారు పెద్దమ్మా?"

నేనూ పక్కన కూర్చునేదాన్ని, కానీ మనసు కుదురుగా ఉండేది కాదు. ఎక్కువ ముద్దు చేస్తే తల్లిని మరిచిపోతుందేమో, చేయకపోతే తనకెవరూ లేరనుకుంటుందేమో. బస్సు హారన్ వినబడితే ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్లం.

మెల్లగా పాప నాకు అలవాటుపడింది. అదింకో దిగులు. ఒకసారి కొమరోలు పోయినప్పుడు, మంచం మీది నుంచి తల్లి చేతులు చాచి పిలిస్తే పాప నా కొంగు వదల్లేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. 

కొన్నాళ్లకు ఆమె వాకర్ పట్టుకుని ఊళ్లో తన ఇంటికి వచ్చింది. పాపను తీసుకుపోతే, లోపలికి పోయి తల్లిని చూసి, తిరిగొచ్చి గుమ్మంలో నా పక్కన నిలబడింది.

"నీ కాడే ఉండనీలే అక్కా. నేను గిన్నె గూడా దించుకోలేను. అది నన్ను మరిచిపోయినట్టుంది" అందామె.

కాదనాలనీ ఉంది, సరేననాలనీ ఉంది.  కూర తీసుకొచ్చిన మా అత్తే అందుకుంది. "బిడ్డను మాకిచ్చి నువ్వేం చేస్తావు, గోడలు చూసుకుంటా కూర్చుంటావా? లెయ్. నువ్వు గూడా రా. వసారాలో మంచమేస్తా."

"ఎట్ల వచ్చేది అత్తా? జనం ఏమనుకుంటారో!"

"పిల్లకి అందరూ తలా ఒక చెయ్యేసినారు. నీకెయ్యరా?"

అట్లా తల్లీబిడ్డలిద్దరూ మా వసారాలో ఉన్నారు. ఆమెకు నీళ్లు పోయడానికి ఒకామె వచ్చేది, వీధి చివరిదాకా నడిపించడానికి ఇంకొకామె. పాప మాత్రం చాలా రోజులు దూరదూరంగానే తిరిగింది. ఒక పొద్దున జడలు వేసే ఆమె రాలేదు. బడికి వేళవుతోంది. పాప దువ్వెన పట్టుకుని అటూ ఇటూ చూసి, పోయి తల్లి ముందు కూర్చుంది.

"గట్టిగా లాగొద్దు" అంది.

తల్లి నవ్వింది, ఏడ్చింది. జడ వంకరగా వచ్చింది. నేను సంతోషపడాల్సింది. చేతులు ఊరుకోక కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగాను.

ఇప్పుడు వాళ్లు వాళ్లింట్లోనే ఉన్నారు. ఆమె పొలం పనులకు పోలేదు. కోతలకు పోయే తల్లులు తమ పసిపిల్లలను ఆమె దగ్గర వదిలిపోతారు. అన్ని పనులు ఒక్కతే ఎట్లా చేసుకుంటుందోనని రోజుకొకసారైనా ఆ వీధికి పోకపోతే నాకు తోచదు. మొన్న ఒక బిడ్డ ఏడుపు ఆపడం లేదని ఫోన్ చేసింది. పొయ్యి మీది ఎసరు దించేసి పోయాను. పాప ఆ బిడ్డను చంకనేసుకుని వాకిట్లో తిప్పుతోంది. నన్ను చూడగానే బిడ్డను చేతికిచ్చింది.

"నువ్వెత్తుకో పెద్దమ్మా. నాకు హోంవర్క్ ఉండాది."