ముందు పండిన చేను

మొన్న విడవలూరు వైపు బస్సులో పోతూ పండిన చేలు చూశాను. చేనుకు అడ్డంగా కట్టిన మెరుపు రిబ్బన్లు గాలికి ఊగుతూ పిట్టల్ని అదిలిస్తున్నాయి. కనుచూపు మేరలో మనిషి లేడు. మన రోజుల్లో గింజ పాలుపోసుకుంటే చాలు, చేనుకొక మంచె వెలిసేదని, ఒకరు కేకేస్తే పక్క చేలోంచి మరొకరు అందుకునేవారని మీకూ గుర్తుండే ఉంటుంది.

అరవైల చివర నేను నెల్లూరులో ఒక దినపత్రికకు కొత్త విలేకరిని. బావ పోయాక, ఆ విడవలూరు దగ్గరి పల్లెలో ఉన్న కాస్త పొలం మా అక్క ఒక్కతే చేయిస్తుండేది. ఒక్క పంట తప్పినా పొలం తానే తీసుకుంటానని ఆమె మరిది నలుగురిలో అనేశాడు. అప్పుడే ఐఆర్ ఎనిమిది అనే పొట్టి వరి వచ్చింది. సగం చేలో అది, సగంలో మన పాత పొడుగు వరి మొలకొలుకులు వేసి చూడమని అక్కకు చెప్పింది నేనే. పోల్చాలంటే రెంటికీ ఒకే రోజు నారు పోయాలని పట్టుబట్టిందీ నేనే. పొట్టిది నెల పైన ముందే పండితే ఏమవుతుందో ఆలోచించలేదు.

మొలకొలుకులు ఛాతీ ఎత్తు పెరిగి ఈదురుగాలికి పడిపోయాయి. పొట్టిది గుబురుగా పిలకలు పెట్టి నిటారుగా నిలిచింది. కానీ చుట్టూ పచ్చి చేలే కావడంతో ఆ పక్కల పిట్టలన్నీ అక్క చేనుమీదే వాలాయి. ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్తే, మంచెమీద ఒక్కతే రేకు డబ్బా వాయిస్తూ కనిపించింది.

"నీ పోటీ బాగుండాదిరా అబ్బయా, పిట్టలన్నీ నాకే చుట్టాలైనాయి," అని బొంగురు గొంతుతో నవ్వి, "అరిస్తే తిరిగి పలికేవాళ్ళే లేరు," అంది.

అయినా కళ్ళంలో పొట్టి వరి రాశి పక్కన మొలకొలుకులు సగమైనా లేవు. మరిది నోరు మూతపడింది. నేను ఆ రెండు రాశుల గురించి పెద్ద వార్త రాశాను. అక్క గొంతు సంగతి రాయలేదు.

మరుసటి ఏడు ఆమె నాతో చెప్పకుండా పొలమంతా మొలకొలుకులే వేసింది. అందరితోపాటు పండితే పిట్టల్ని ఊరంతా పంచుకుంటుందని, పక్క మంచెలమీద మనుషులుంటారని ఆమె ఆశ. అది ఎక్కువకాలం ఉండే పైరు గనక నారు ముందే పోసింది. ఆమె రాశి చూసినవాళ్ళు, నా వార్త చదివినవాళ్ళు, ఆ తర్వాత వారం పది రోజులకు అందరూ పొట్టి నారే పోశారు; అయినా అదే ముందు పండింది. వాళ్ళు కోతలు ముగించి ఇళ్ళకు పోయాక, కోసిన చేల నడుమ ఆమె చేనొక్కటే మిగిలింది. పిట్టలు తినగా వచ్చింది విత్తనానికి కూడా చాలలేదు. ఆ వేసవిలో పొలం మరిది చేతికి పోయింది.

ఇవాళ ఊరంతా ఒకేసారి నాటి ఒకేసారి కోస్తోంది, యంత్రం పూటలో పని ముగించి పోతోంది. అక్క కోరుకున్న తోడు మాత్రం అందులో లేదు. పొలం పోయాక ఆమె కోతల రోజుల్లో నెల్లూరు వచ్చి మా ఇంట్లోనే ఉండేది. పెరట్లో కూర్చుని బియ్యం ఏరుతుంటే పిచ్చుకలు చాటలోకే వచ్చి వాలేవి. అక్క చెయ్యి ఆపి చూస్తుండేది తప్ప, ఒక్కసారీ అదిలించలేదు.