చచ్చిన చుక్కా, పెద్దామె బిళ్లా

నేను చెప్పబోయేది ఆకాశమంత గాథ. అందుల ఒక నక్షత్రం చస్తది, ఇంకోటి దానికి చిక్కుతది, నిప్పులు కురుస్తయి. గిట్ల మొదలుపెడితే జోరుగుంటదని రాసిన గానీ, నిజానికి ఇది బోధన్‌ల మా వదినె దగ్గు గురించి.

అప్పుడు నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. ప్రాజెక్టుకని మా సారు నాకొక తెల్ల మరుగుజ్జు తారను అంటగట్టిండు. ఇంధనం అయిపోయి చచ్చిన నక్షత్రం. మన భూమి అంతనే ఉంటది. పక్కనే బతికున్నదొకటి. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతయి. చచ్చింది బతికున్నదాని ఒంట్లకెల్లి వాయువు గుంజుకుంటది. అది వచ్చి పడే వేడికి ఎక్స్‌రేలు పుడ్తయి. ఉపగ్రహం వాటిని లెక్కబెడితే నాకు గ్రాఫ్ వచ్చింది. సెలవులకు ఆ కాగితాలతోనే ఇంటికొచ్చిన.

వదినె మా అన్నకు రెండో భార్య. మొదటామె కాన్పుల పోయింది. మా దిక్కు రివాజు ప్రకారం, పోయినామె పేరు మీద చిన్న బంగారు బిళ్ల రెండో ఆమె మెడల ఉంటది. కొత్త చీరొస్తే వదినె ముందు ఆ బిళ్లకు చూపించేది: "అక్కా, నువ్ కట్టుకున్నంకనే నేను." ఇంట్ల పెద్దామె ఫోటో కూడా లేదు. అయినా ఆమెను అడగకుండ పప్పుల ఉప్పు పడేది కాదు.

వదినె బీడీలు చుట్టుకుంటనే దగ్గేది. టీబీ కావచ్చు, ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నడు డాక్టరు. మెడల బంగారం తీయాలె. పుస్తెలు తీసి పసుపుతాడు కట్టుకుంటదట, బిళ్ల మాత్రం తియ్యదట. నిజామాబాద్ దాకా పోయి అట్లనే తిరిగొచ్చింది.

ఒక పగటిపూట నా గ్రాఫ్ చూసింది.

"గిదేంది మర్దీ, చీమలు పారినట్టు?"

చెప్పిన. శాస్త్రం వింటే ధైర్యమొస్తదనుకున్న. ఆమె చేతుల బీడీ చుట్టే తునికాకు ఆగిపోయింది.

"అంటే, సచ్చినామె బతికున్నామెను గుంజుకుంటది."

"ఆమె కాదు వదినె, అది. నక్షత్రం."

"గుంజుకుంటదా, లేదా?"

"గుంజుకుంటది."

"గా సంగతి ఎక్స్‌రేలనే బయటపడ్తది."

ఇన్నేండ్ల నా చదువు ఇంట్ల దయ్యానికి సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది. ఆమె బిళ్లను పిడికిట్ల పట్టుకొని దగ్గుతుంటే, గ్రాఫ్‌ల గుంట పడ్డ జాగ చూపించిన. "ఇక్కడ బతికున్నది ముందుకొస్తది. చచ్చింది అస్సలు కనవడదు."

"ఎంతసేపు?"

"కొన్ని నిమిషాలు."

"ఎక్స్‌రేకు?"

"గంత కూడ పట్టదు."

పిడికిలి ఇప్పి బిళ్లను చూసింది. "అయితే నువ్ పట్టుకో. కింద పెట్టకు."

నిజామాబాద్‌ల ఎక్స్‌రే గది ముందట బిళ్ల తీసి దానితోటే మాట్లాడింది: "అక్కా, గీ పిలగాని దగ్గర కూసో. ఇప్పుడే వస్త." తలుపు పడింది. లోపట ఆపరేటరు, "ఊపిరి బిగవట్టమ్మా" అన్నడు. నేనూ బిగవట్టిన. పిడికిట్ల బిళ్ల మెడ వేడితోనే ఉంది. ఏ మెడ అని అడగకుండ్రి. బెంచీ మొత్తం ఖాళీ. అయినా కొంచెం జరిగి జాగ ఇచ్చిన.

వదినె బయటికొచ్చి నా మొఖం కాదు, పిడికిలి చూసింది.

"ఏమన్న అన్నదా?"

"ఏమనలే," అని బిళ్ల ఆమె చేతిల పెట్టిన.

డాక్టరు ఫిల్మును కిటికీకి అడ్డం పట్టి, ఛాతీల ఏం లేదన్నడు. తంబాకు దుమ్మట. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలె. దగ్గు మందు పొద్దున, రాత్రి తాగాలె. తాగే ముందు సీసా బాగా ఊపాలె.