సైదులన్న చెప్పని మాత్ర

మీ ఇంట్లో ఎవరైనా దిగులు జబ్బు నుంచి తేరుకున్నారా? ఏ మందుతో తేరుకున్నారని పక్కింటివాళ్లకు చెప్పారు?

నా చెల్లెలు సరళ సూర్యాపేటలో టీచరు. మిర్యాలగూడ డాక్టరు రాసిన మాత్రలతో నాలుగు నెలల్లో కుదుటపడింది. అంతలో కోదాడలో ఉండే మా పెద్దమ్మ కొడుకు సైదులన్న ఇదే జబ్బు నుంచి ఆకుల పొడితో బయటపడ్డాడని చుట్టాలు చెప్పారు. ఆ పొడికి పథ్యం ఉంది: ఇంగ్లీషు మందు ముట్టకూడదు. సరళ మాత్రలు మానేసింది. తొమ్మిదో రోజుకు నిద్ర లేదు, కళ్లు తిరుగుతున్నాయి, బడికి వెళ్లలేక ఏడుస్తోంది. ఎంత వాదించినా ఒకటే మాట: "సైదులన్నకు తగ్గింది గదన్నా. నాకెందుకు తగ్గది?"

అయితే ఆయన్నే అడుగుదాం పద అన్నాను. శనివారం ఉదయం ఏడుంపావుకు సూర్యాపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే ఆమెకు జీరో టికెట్, నాకు మామూలుది. ఎనిమిదిన్నరకు కోదాడ. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని ఆటోలో వెళ్లాం.

సైదులన్న రైస్ మిల్లులో గుమస్తా. మమ్మల్ని కూర్చోబెట్టి పొడి డబ్బా చూపించాడు.

"మాత్రలు ఎప్పుడు మానేసినవన్నా?" అని సూటిగా అడిగాను.

ఆయన సరళ వైపు చూశాడు. "నేను మాని తొమ్మిది రోజులైందన్నా. నిద్ర లేదు," అంది ఆమె. ఆయన లేచి బీరువాలోంచి మాత్రల అట్ట తీశాడు. సగం వాడింది.

"మానలేదురా. పొడి నాలుగు రోజులు తిని పక్కన పెట్టిన. పిచ్చి మాత్రలు మింగుతున్నడంటే మిల్లుల నన్నెవడు లెక్క చేస్తడు? పొడి అంటే మర్యాదగుంటది. పొద్దుగాల కాలువ కట్ట మీద నడుస్తున్న, అదొక్కటి నిజం."

"నీ మర్యాదకు తొమ్మిది రోజులు నా పానం తీసినవ్ గదన్నా," అంది సరళ. అన్ని రోజుల తర్వాత ఆమె గొంతులో ఏడుపు కాకుండా కోపం విన్నాను. నా ప్రాణం కుదుటపడింది.

మళ్లీ డాక్టరు దగ్గరికని పదింపావుకు హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే మిర్యాలగూడ బస్సెక్కాం. సైదులన్న కూడా వచ్చాడు. నేరేడుచర్లలో ఎక్కిన పెద్దావిడ, "యాడికి బిడ్డా?" అంది.

"మనసు బాగలేదు, దవాఖానకు," అంది సరళ.

ఆవిడ దగ్గరికి జరిగి, "మా కోడలు గూడ ఆడికే పోతది. ఊర్ల కండ్ల డాక్టరని చెప్పుకుంటం," అంది.

ఒంటిగంటకు డాక్టరు చూశారు. తిట్టలేదు. "ఒక్కసారే మానితే గిట్లనే అయితదమ్మా. మానాల్సినప్పుడు ఇద్దరం కలిసి మెల్లగ మానుదాం. నడక, నిద్ర, మనసు విప్పి మాట్లాడుడు మంచిగ పనిచేస్తయి. జబ్బు తక్కువుంటే ఒక్కోసారి అవే చాలు. నీకు మాత్ర గూడ కావాలె. ఆ పొడిల ఏముందో నాకు తెల్వదు, ఈ మాత్రతో కలిపి తినొద్దు."

ఆకుల పొడి సహజమంటారు. ఆ మాటకు నేను భయపడను, అలాగని మొక్కను. నడక సహజమే, పరీక్షకు నిలబడింది. లోపల ఏముందో రాయని డబ్బా కూడా నిలబడి చూపించాలి.

బస్టాండులో సైదులన్న పెద్దమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, నాకు తగ్గింది మాత్రలతోనే. నువ్వు పొడి అని చెప్పినోళ్లందరికీ ఇయ్యాల్నే చెప్పు." ఆయన కోదాడ బస్సెక్కాడు. మేం మూడు గంటలకు సూర్యాపేట బస్సెక్కాం. ఊరు దాటకముందే సరళ నిద్రపోయింది. మళ్లీ మొదలుపెట్టిన మాత్ర పనిచేయడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. అయినా ఆ నిద్ర చూస్తూ కూర్చుంటే నాకు దారి ఎట్లా గడిచిందో తెలియలేదు.

తేరుకున్నవాళ్లారా, మీ గొప్ప విని ఎవరో ఇవాళ మాత్ర మానేస్తున్నారు. ఫోన్ తీయండి. మీరు ఏం మింగి తేరుకున్నారో వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి.