బ్లాంక్ గిన్నె కూడా నేనే కడిగాను

ఇది జరిగిన నాటికి నాకు అక్షరం ముక్క రాదు. నలభై అయిదు దాటాక నేర్చుకున్నాను. అందుకే ఇన్నేళ్ళకు రాస్తున్నాను. కోపం మాత్రం ఆనాటిదే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం అడవి అంచున ఒక ఫ్యాక్టరీ ల్యాబులో గిన్నెలు కడిగేదాన్ని. బాయిలర్‌కు వాడే చిక్కటి నల్ల నూనె ట్యాంకర్లలో వచ్చేది. అందులో కంటికి కనబడనంత నికెల్, వెనేడియం ఉంటాయి. ఎక్కువైతే ట్యాంకర్ వెనక్కి పంపాలి. అది తేల్చడానికి కాస్త నూనెను సిలికా గిన్నెలో కాల్చి, మిగిలిన బూడిదను యాసిడ్‌లో కరిగించి మిషన్‌లో చూసేవారు. పక్కన నూనె లేకుండా ఉత్త యాసిడ్ పోసిన ఇంకో గిన్నె పెట్టేవారు. దాన్ని బ్లాంక్ అనేవారు. అందులో నూనె ఉండదు కాబట్టి నికెల్ కనబడితే గిన్నె సరిగ్గా కడగలేదని బయటపడుతుంది.

గిన్నెలను యాసిడ్‌లో నానబెట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగడం నా పని. స్టీలులోనూ నికెల్ ఉంటుందని చెప్పారు కాబట్టి స్టీలు పీచు తగలనిచ్చేదాన్ని కాదు. ఎలా కడిగానో రిజిస్టర్‌లో రాసేది మాత్రం చిన్న కెమిస్టు. నేను కింద వేలిముద్ర వేసేదాన్ని.

"ఏం రాసినవ్ సారూ?"

"నీ ఆస్తేం రాయించుకుంటలేనక్కా, ఏలు పెట్టు" అని నవ్వేవాడు.

ఒకరోజు గాజు కడ్డీ విరిగింది. అతను టీ గ్లాసులోని స్టీలు చెంచా కడిగి, దానితోనే వేడి యాసిడ్‌లో బూడిద కలిపాడు.

"గది పెట్టొచ్చా సారూ?"

"నువ్వు కడుగుడు సంగతి చూస్కో."

నికెల్ ఎక్కువ వచ్చింది. ట్యాంకర్ వెనక్కి పోయింది. నూనె పంపినవాళ్ళు వేరే ల్యాబులో చూపిస్తే తక్కువే ఉందని తేలింది.

ల్యాబుకు పెద్ద అయిన సారు నన్ను పిలిచి రిజిస్టర్ చదివాడు. ఆ రోజు పేజీలో, గిన్నెలు నేను స్టీలు పీచుతో తోమినట్టు రాసి ఉంది. కింద నా వేలిముద్ర.

"నువ్వే ఒప్పుకున్నవ్ గదమ్మా."

"నేనట్ల తోమలే సార్. ఆయనే చెంచాతోని కలిపిండు. బ్లాంక్‌ల ఎంతొచ్చింది?"

"ఏం రాలే."

"ఆ గిన్నె గూడ నేనే కడిగిన. నేను పీచుతో తోమితే దాంట్ల గూడ రావాలె గద. ఆయన చెంచా పెట్టింది నూనె గిన్నెలనే. బ్లాంక్‌ల కలిపేటందుకు బూడిద యాడిది?"

చిన్న కెమిస్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పెద్ద సారుకు నా మాట అర్థమైంది, ముఖంలో తెలిసింది. అయినా రిజిస్టర్ మూసి, "రేపట్నుంచి క్యాంటీన్‌ల గిన్నెలు కడుగు. ఆడ గిన్ని లెక్కలుండవ్" అన్నాడు.

అర్థం కాక అని ఉంటే నాకింత మంట ఉండేది కాదు. నా చేతి మీద బ్లాంక్ ఒక్కనాడూ తప్పు రాలేదు. చదువుకున్నవాళ్ళు ఇద్దరు కలిసి, నేను అనని మాటను నా వేలితో చెప్పించారు.

మర్నాడు పొద్దున క్యాంటీన్‌కు పోలేదు. ల్యాబు సింకు దగ్గర నిలబడి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను.

"ఏందక్కా, నిన్ను ఆడికి పొమ్మన్లే?" అన్నాడు చిన్న కెమిస్టు.

"ఎందుకు తీసేస్తున్నరో కాగితం మీద రాయించుకరా సారూ. బస్సుల కండక్టర్‌తోని చదివిచ్చుకొని పోతా."

అతను పెద్ద సారు గది వైపు చూశాడు. తలుపు తెరుచుకోలేదు. నేను రెండో గిన్నెను మూడోసారి కడిగి బోర్లించాను.